కలిసి వాయించువారు

రేడియో ప్రసంగ పాఠము
వాక్యభాగము: నెహెమ్యా 12:27–43

 

ఈ దినము మన ధ్యానమునకు నెహెమ్యా గ్రంథము పన్నెండవ అధ్యాయమును తీసుకున్నాను. ఈ అధ్యాయము దగ్గరకు వచ్చేసరికి మనలో చాలామంది పేజీ తిప్పేస్తాము. మొదటి ఇరవై ఆరు వచనాలూ దాదాపు పేర్లే. పలకడానికి నోరు తిరగని పేర్లు. అయితే ఆ వరుస దాటి ఇరవై ఏడవ వచనానికి రండి, అక్కడ ఒక పండుగ మొదలవుతుంది. యెరూషలేము ప్రాకారము యాభై రెండు దినములలో కట్టబడింది. ఇప్పుడు దానిని ప్రతిష్ఠించాలి. మేస్త్రీల పని అయిపోయింది, కావలివారి పని తరువాత ఉంటుంది. ఈ మధ్యలో కావలసినవారు పాడేవారు, వాయించేవారు. తాళములు, స్వరమండలములు, సితారాలు పట్టుకొని వచ్చేవారు. వారిని ఎక్కడ వెదికి తెచ్చారో గమనించారా?

28, 29 వచనాలను నిదానంగా చదవండి. గాయకులు యెరూషలేము చుట్టూ పల్లెలు కట్టుకొని అక్కడ కాపురముంటున్నారట. గెబ, అజ్మావెతు అని ఆ ఊళ్ల పేర్లు కూడా ఉన్నాయి. పండుగ పట్టణములో, వాయించేవారు పల్లెలలో! ఇంకొక అధ్యాయము ముందుకు వెళ్లి 13:10 చూడండి. వారికి రావలసిన భాగము ఎవరూ ఇవ్వకపోయేసరికి ఆ లేవీయులు, ఆ గాయకులు ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. అంటే వారికి పొలాలున్నాయి. వారి వేళ్లమీద తంతి కోసిన గుర్తుతో పాటు అరచేతిలో కొడవలి పట్టిన కాయ కూడా ఉండి ఉంటుందని నేను అనుకుంటాను.

ఈ వచనము చదివినప్పుడెల్లా నేను సేవ చేస్తున్న ప్రాంతము నా కళ్లముందుకు వస్తుంది. హైదరాబాదు నుండి వికారాబాదు వైపు వెళ్లే రోడ్డు మీలో చాలామందికి తెలుసు. ఇరువైపులా వందల మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు ఆ చెట్లను కాపాడాలని ఎంతోమంది ఏళ్ల తరబడి పోరాడారు. ఆ రోడ్డు మీదనే మొయినాబాద్, తరువాత చేవెళ్ల. 1908లో మూసీ వరద వచ్చి పట్టణాన్ని ముంచిన తరువాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులలోకి పోయే వానలో కొంత మా పొలాల మీద పడిన వానే. మా చామంతి, మా గులాబి తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు చేరుకుంటాయి. టమాట, క్యారెట్, ఆకుకూరలు సరే సరి. పట్టణానికి మేము ఇవి పంపిస్తాము. పట్టణము మాకు ప్లాట్లు, ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు, ఇంజనీరింగ్ కాలేజీలు పంపించింది. వాటితో పాటు మనుషులను కూడా పంపించింది. గచ్చిబౌలిలో ఉద్యోగము చేసుకుంటూ మొయినాబాదు దగ్గర ఇల్లు కట్టుకున్నవారు ఇప్పుడు మా ఆరాధనలో, పూలు కోసే అక్కల పక్కనే కూర్చుంటున్నారు.

పక్కన కూర్చోవడం వేరు, కలిసిపోవడం వేరు అని మీకు వేరే చెప్పనక్కరలేదు. కాఫీ ఇచ్చినా, చేయి కలిపినా, ఆరాధన అయిపోయిన తరువాత కార్లవారు కార్ల దగ్గర, బస్సువారు బస్టాపు దగ్గర నిలబడతారు. మా సంఘములో ఈ రెండు గుంపులు మొదటిసారి నిజంగా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నది ఒక వాద్యబృందము వలన. ఆ సంగతి ఈ దినము మీతో చెప్పాలని నా కోరిక.

ఈ బృందములో పదకొండుమంది ఉన్నారు. పిల్లలెవరూ లేరు. అందరూ ముప్పై దాటినవారే, సగము మంది యాభై దాటినవారు. హార్మోనియం వాయించేది ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఢోలక్ ఒక ఆర్టీసీ డ్రైవరన్నది. గిటార్ పట్టుకున్న ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వారిలో ఒకాయన ఎప్పుడో కాలేజీలో నేర్చుకొని పదిహేనేళ్లు అటక మీద పెట్టినవాడు. ఒక నర్సమ్మ యాభై రెండేళ్ల వయస్సులో వయొలిన్ మొదలుపెట్టింది. ఇంట్లో పిల్లలు చెవులు మూసుకుంటున్నారని నవ్వుతూ చెబుతుంది. కంజిర, తాళాలు పట్టుకునే అక్కలు నలుగురు. ఒక పెద్దాయన డప్పు కొడతాడు. ఈయన సంగతి తరువాత ప్రత్యేకంగా చెబుతాను.

వీరిలో ఒక్కరికీ ఇది వృత్తి కాదు. ఒక్కరికీ జీతము లేదు. ఇంగ్లీషువారు ఇలాంటివారిని అమెచ్యూర్ అంటారు. ఆ మాటను ఇప్పుడు ‘పని సరిగా రానివాడు’ అనే అర్థములో వాడుతున్నారు గానీ, దాని వేరు లాటిన్ భాషలో ప్రేమించుట అనే మాట. ప్రేమించువాడు అని దాని మొదటి అర్థము. బేత్లెహేము పొలాలలో గొర్రెలు కాస్తూ సితారా వాయించిన దావీదుకు జీతము ఎవరిచ్చారు? సౌలు దగ్గరకు పిలిపించకముందే ఆ చిన్నవాడు వాయించడములో నేర్పరి అని పేరు తెచ్చుకున్నాడు.

మొదట శనివారం సాయంత్రం సాధన అనుకున్నారు. కుదరలేదు. ఆదివారపు మార్కెట్టుకు పూలు కోయవలసినది శనివారం సాయంత్రమే. పూల రైతులు రారు, పట్టణమువారు ఒక్కరే వచ్చి కూర్చుంటారు. అందువలన ఆదివారం ఆరాధన, భోజనము అయిన తరువాత మూడు గంటలకు మార్చారు. చిన్న విషయమే గానీ గుర్తుంచుకోండి. కలిసి వాయించాలంటే మొదట కలవవలసినది తాళము కాదు, తీరిక. ఎవరి తీరికను బట్టి సమయము పెడతారో ఆ బృందము వారిదవుతుంది.

ఆ తరువాత శ్రుతి తగాదా. హార్మోనియం మాస్టారు ఒక కీర్తనకు ‘రెండున్నర’ అన్నారు. గిటారు తమ్ముడు ‘కాదండీ, డీ షార్ప్ అయితే అందరికీ గొంతు అందుతుంది’ అన్నాడు. మాస్టారు ‘రెండున్నర దాటితే నేను ఒప్పుకోను’ అన్నారు. తమ్ముడు ‘డీ షార్ప్ కంటే తగ్గితే పాట చల్లబడిపోతుంది’ అన్నాడు. రెండు వారాలు ఇలాగే సాగింది. సంగీతము తెలిసినవారు ఇప్పటికే నవ్వుతూ ఉంటారు. మన హార్మోనియం లెక్కలో రెండున్నర అంటే ఇంగ్లీషు లెక్కలో డీ షార్పే! ఇద్దరూ ఒకే మెట్టు మీద వేలు పెట్టి పోట్లాడుకున్నారు. చివరకు మాస్టారు ఆ మెట్టు నొక్కి పట్టుకుంటే, తమ్ముడు గిటారు మొదటి గడి మీద కేపో బిగించి తీగలు మీటాడు. ఇద్దరూ ఒకరి ముఖము ఒకరు చూసుకున్నారు. మన సంఘాలలో సిద్ధాంతము పేరుతో జరిగే తగాదాలలో ఎన్ని ఇలాంటివో అని నాకు అనిపించింది, అది వేరే ప్రసంగము.

హార్మోనియం గురించి ఒక మాట చెప్పనివ్వండి. దీనిని మనము మన సొంత వాద్యము అనుకుంటాము. దీని పుట్టుక పారిస్ పట్టణములో, 1842లో. తరువాత మిషనరీలతో ఓడలెక్కి మన దేశము వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే ఆయన పంతొమ్మిదవ శతాబ్దము చివరి భాగములో నేలమీద కూర్చుని ఒక చేతితో గాలి కొడుతూ ఇంకొక చేతితో వాయించేలా దానిని మార్చాడు. అయితే మన పెద్ద విద్వాంసులలో కొందరికి అది గిట్టలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్యనున్న గమకము అందులో పలకదు అన్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్‌కు కూడా అది నచ్చలేదు. 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధము సాగింది. ఇప్పుడు మీరు వింటున్నది రేడియోయే కదా, ఆ ముప్పై ఏళ్లు దేశపు రేడియోలో హార్మోనియముకు చోటు లేదు. విద్వాంసుల మాటలో సత్యము లేకపోలేదు. కానీ ఆ ముప్పై ఏళ్లూ పల్లెల్లో భజనలలో, నాటకాలలో, మన ఆరాధనలలో అది పాడుతూనే ఉంది. ఎందుకు? గొంతు నిలబెట్టుకోలేని సామాన్యునికి అది ఒక చేతికర్ర. రేడియోకు పనికిరానిది సంఘానికి పనికివచ్చింది.

ఇప్పుడు డప్పు పెద్దాయన సంగతి.

ఆయన వయస్సు అరవై దాటింది. ఆయన నాయన కాలములో డప్పు కొట్టడము ఇష్టము కాదు, వెట్టి. ఊరిలో చావు అయితే పిలుపు వస్తుంది, వెళ్లి కొట్టాలి. జాతర అయితే కొట్టాలి. దొర ఏదైనా చాటించాలంటే వీధి వీధి తిరిగి దండోరా వేయాలి. రాను అనడానికి లేదు, ఇంత ఇవ్వండి అని అడగడానికి లేదు. కొట్టినంతసేపు అందరికీ ఆ డప్పు కావాలి, కొట్టినవాడు మాత్రం దూరముగా నిలబడాలి. ఆ నాయన బాప్తిస్మము తీసుకున్న దినమున డప్పును గోడకు తగిలించి, ఇక దీనిని నేను ముట్టను, నా కొడుకు ముట్టడు అన్నాడట. తెలుగు దేశములో ఇలాంటి గోడలు ఎన్నో ఉన్నాయి. చాలా సంఘాలు డప్పును మందిరములోకి రానివ్వలేదు. అన్య దేవతల జాతరల వాద్యము అని ఒక కారణము చెప్పారు. పైకి చెప్పని కారణము సిగ్గు. 1994లో దండోరా ఉద్యమము వచ్చి, సిగ్గుపడిన ఆ డప్పునే ఆత్మగౌరవానికి గుర్తుగా చంకకెత్తుకున్న తరువాత గానీ మనలో కొందరి ఆలోచన మారలేదు. ఈ విషయములో వీధి మనకంటే ముందు నడిచిందని చెప్పడానికి నేను వెనుకాడను.

నూట ముప్పై ఏడవ కీర్తన మీకు తెలుసు. చెరపట్టబడినవారు బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చారు. వారి సితారాలు ఎక్కడున్నాయి? చెట్లకు వేలాడుతున్నాయి. ఎందుకు వేలాడదీశారు? వాయించడము రాక కాదు. చెరపట్టినవారు మాకు వినోదము కావాలి, మీ సీయోను పాటలలో ఒకటి పాడండి అని అడిగారు గనుక. బలవంతము మీద పాడడము కంటే వాద్యాన్ని చెట్టుకు తగిలించడమే వారికి మిగిలిన గౌరవము. ఈ కీర్తన మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. కానీ గోడకు తగిలించిన ఆ డప్పును నా కళ్లతో చూసిన తరువాతనే ఆ చెట్లు నాకు కనిపించాయి.

ఆ పెద్దాయనకు డప్పు రాదని కాదు. చిన్నప్పుడు నాయన చేతిని చూసి నేర్చుకున్నాడు. ఆరాధనలో పాట వస్తే బెంచీ అంచు మీద రెండు వేళ్లతో దరువు వేసేవాడు. ఢోలక్ డ్రైవరన్న అది కనిపెట్టి, ‘తాతా, ఆ దరువు నాకు పడతలేదు, జర చూపియ్యి’ అని వెంటపడ్డాడు. ఆరు నెలలు పట్టింది. ఒక ఆదివారం ఆయన కొత్త తోలు వేయించిన డప్పుతో వచ్చాడు. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని పుల్ల. మందిరము వెనుక ఇంత ఎండుగడ్డి వేసి మంటపెట్టి, దాని సెగకు తోలు బిగుసుకునే దాకా తిప్పి తిప్పి కాచాడు. గిటారువారు తమ ఫోనులో చూసి శ్రుతి పెట్టుకుంటున్నారు, ఈయన మంటలో పెట్టుకుంటున్నాడు. నేను దగ్గరకు వెళ్లి, ‘నాయన వద్దన్నాడు కదా, బాధ లేదా?’ అని అడిగాను. ఆయన ఇలా అన్నాడు: ‘అయ్యగారూ, మా నాయిన వద్దన్నది డప్పును గాదు. పిలిస్తె పోయి కొట్టుడు వద్దన్నడు. ఇయ్యాల నన్నెవ్వలు పిలిచిండ్రు? నేనే వచ్చిన.’

నేనే వచ్చిన! దావీదు కాలములో మందిర సేవకు నేర్పరులు రెండువందల ఎనభై ఎనిమిది మంది ఉన్నారని, పిన్న పెద్ద, గురువు శిష్యుడు అని చూడకుండా వారికి చీట్లు వేశారని మొదటి దినవృత్తాంతములు ఇరవై ఐదవ అధ్యాయములో చదువుతాము. ఆ లెక్కలో ఈయన ఎక్కడ నిలబడతాడో నాకు సందేహము లేదు.

శ్రోతలారా, ఇంతవరకు విన్నవారు ఇక అంతా బాగానే జరిగింది అనుకోవచ్చు. అలా జరగలేదు.

క్రిస్మస్ దగ్గరపడింది. పట్టణములో ఉండే ఒక దాత, మంచి మనస్సుతోనే, ఈసారి నేను ఖర్చు పెట్టుకుంటాను, కీబోర్డు, రిథమ్ ప్యాడ్స్, పెద్ద స్పీకర్లతో ఒక పార్టీని పిలిపిద్దాము అన్నాడు. కమిటీలో చర్చ వచ్చింది. యౌవనస్థులు ఒకే మాట మీద ఉన్నారు. ‘అయ్యగారూ, మా కాలేజీ దోస్తులు వస్తారు. పాట మధ్యలో ఆగిపోతే మాకు సిగ్గు’ అన్నారు. ఆ మాటను తేలికగా కొట్టిపారేయకూడదు. దేవునికి అర్పించేది లోపము లేనిదై ఉండాలని మనమే కదా వారికి నేర్పాము! ఇంకొక అమ్మ, ‘మనోళ్ల పాట వినేందుకు ఎవలొస్తరు, వచ్చేది బిర్యానీకి’ అని అందరినీ నవ్వించింది. హార్మోనియం మాస్టారు ఏమీ అనలేదు. పెద్దాయన ఆ సాయంత్రము డప్పును సంచిలో పెట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు. అంతకుముందు దానిని మందిరములోనే ఉంచేవాడు.

ఇక్కడ ఇంగ్లండు దేశపు సంగతి ఒకటి గుర్తుకు వస్తుంది. పద్దెనిమిదవ శతాబ్దములో, పంతొమ్మిదవ శతాబ్దము మొదటి భాగములో అక్కడి పల్లె చర్చీలలో ఆర్గను ఉండేది కాదు. వడ్రంగులు, చెప్పులు కుట్టేవారు, రైతుకూలీలు ఫిడేలు, క్లారినెట్, బసూన్ పట్టుకొని చర్చి వెనుక భాగములోని అటక మీద కూర్చుని వాయించేవారు. థామస్ హార్డీ అనే ప్రసిద్ధ నవలాకారుని తండ్రి, తాత స్టిన్స్‌ఫర్డ్ అనే ఊరి చర్చిలో అలా వాయించినవారే. తరువాత కొత్త పాదిరులు వచ్చారు. ఈ పల్లెటూరి మోత ఏమిటి, చక్కగా ఆర్గను పెడదాము అన్నారు. కొన్ని చోట్ల పీపా ఆర్గను తెచ్చారు, అంటే పాట ముందే అందులో బిగించి ఉంటుంది, పిడి తిప్పితే చాలు. కొన్ని చోట్ల హార్మోనియం తెచ్చారు. ఒక్కరు వాయిస్తే చాలు గనుక మిగిలినవారు ఇంటికి వెళ్లిపోయారు. హార్డీ 1872లో అచ్చయిన తన ‘అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ’ నవలలో ఆ బాధనే కథగా చెప్పాడు. అక్కడ పల్లె బృందాన్ని లేపి పంపిన హార్మోనియమే, ఇక్కడ మన బృందములో మూల కూర్చుని, కీబోర్డు వస్తే నా గతేమిటి అని చూస్తోంది. కనుక నేను వాద్యాన్ని నిందించడము లేదు. కీబోర్డు కూడా దేవుని సృష్టిలోని చెక్క, లోహము, విద్యుత్తే. ఎంతమందిని లేపి ఇంటికి పంపుతుంది, ఎంతమందిని పిలిచి పక్కన కూర్చోబెడుతుంది అన్నదే నా లెక్క.

ఇంకొక మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిచి పాటల నెత్తిన చూడండి. రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారి వంటివారు, 1803 నుండి 1890 వరకు జీవించిన ఆయన, మన రాగాలలో, మన తాళాలలో పాటలు కట్టారు. వాటిలో చాపు తాళము పాటలున్నాయి. మిశ్ర చాపు అంటే మూడు, నాలుగు కలిపి ఏడు. యంత్రములో మీట నొక్కితే వచ్చే దరువులు ఎక్కువగా నాలుగు లెక్కవి, లేదా మూడు లెక్కవి. ఏడు లెక్క పాటను దాని మీద పాడాలంటే పాటనే సాగదీసి నాలుగులో ఇరికించాలి. లేదా ఆ పాటను వదిలేయాలి. చాలా సంఘాలలో జరుగుతున్నది ఈ రెండవదే. పాట పాతదైపోయిందని మనము అనుకుంటున్నాము. పాత పడలేదు, యంత్రములో ఆ మీట లేదు.

కమిటీ చివరకు ఇలా తీర్మానించింది. ఇరవై నాలుగు రాత్రి కార్యక్రమము పట్టణపు పార్టీది. ఇరవై ఐదు ఉదయము ఆరాధన మన బృందానిది. పెద్దాయనను పిలవడానికి డ్రైవరన్న, గిటారు తమ్ముడు ఇద్దరూ ఆయన ఇంటికి వెళ్లారు. పట్టణములో పుట్టి పెరిగిన ఆ తమ్ముడు ఆ వాడలోకి అడుగు పెట్టడము అదే మొదటిసారి. వారు అక్కడ ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పెద్దాయన వచ్చాడు.

రాత్రి పార్టీ బాగా పాడింది, అబద్ధమెందుకు? ఉదయము మనవారు మొదటి కీర్తన చక్కగా నడిపించారు. రెండవది చాపు తాళము. రెండవ చరణములో వయొలినమ్మ ఒక లెక్క ముందుకు పోయింది, గిటారు ఆమె వెంట పోయింది, ఢోలక్ ఎవరి వెంట పోవాలో తెలియక ఆగింది. పాట నిలిచిపోయింది. యౌవనస్థులు తలలు దించుకున్నారు. అప్పుడు ముందు వరుసలో చాప మీద కూర్చున్న పెద్దమ్మలు చప్పట్లు మొదలుపెట్టారు. మూడు, నాలుగు. మూడు, నాలుగు. తాళము పేరు వారిలో ఒక్కరికీ తెలియదు. ఇళ్లలో కుటుంబ ప్రార్థనలో నలభై ఏళ్లుగా ఆ పాటకు అలాగే చప్పట్లు కొట్టారు, అంతే. డప్పు వారి చప్పట్లను పట్టుకుంది, మిగిలినవారు డప్పును పట్టుకున్నారు. ఆ చరణము మొదటి నుండి మళ్లీ పాడాము.

ఆ తరువాత నెలలో రెండు కుటుంబాలు సంగీతము బాగుండే వేరే సంఘానికి వెళ్లిపోయాయి. వారి మీద నాకు కోపము లేదు. ఆ యౌవనస్థులలో ఇద్దరు మాత్రం ఆదివారం మూడు గంటలకు వచ్చి వెనుక కూర్చుంటున్నారు. వాయించరు, ఊరికే కూర్చుంటారు.

నెహెమ్యా దగ్గరకు మరల వెళ్దాము. ఆ దినమున రెండు బృందాలు ప్రాకారము మీద ఒకటి కుడివైపు, ఒకటి ఎదురు దిక్కు నడిచాయి. చుట్టు తిరిగి వచ్చి దేవుని మందిరములో కలుసుకున్నాయి. స్త్రీలు, పిల్లలు కూడా సంతోషించారని, ఆ సంతోషధ్వని బహుదూరము వినబడిందని నలభై మూడవ వచనములో ఉన్నది. ఎంత బాగా వాయించారన్నది అక్కడ వ్రాయబడలేదు. ఎంత దూరము వినబడిందో వ్రాయబడింది.

మన తెలంగాణ పల్లెలలో చిరుతల రామాయణము చూసే ఉంటారు. పగలంతా పొలము పనిచేసినవారు రాత్రిళ్లు నెలల తరబడి ఒక గురువు దగ్గర అడుగు, పాట, చిరుతల దెబ్బ నేర్చుకుంటారు. చదువు రానివారు కూడా పాటలకు పాటలు కంఠస్థము చేస్తారు. వయస్సు మీరిపోయింది, ఇప్పుడేమి నేర్చుకుంటాము అని వారు అనరు. మన సంఘాలలో నలభై దాటగానే పాట పిల్లలకు, ప్రసంగము పాస్టరుకు, కుర్చీ మనకు అని పంచుకున్నాము!

సహ సేవకులారా, మీతో ఒక మాట. వాద్యాలు కొనడానికి ముందు వారానికి ఒక గంట తాళంచెవి ఇవ్వండి. వచ్చినవారిని మొదటి ఆరు నెలలు వేదిక మీదకు ఎక్కించకండి, ఒకరి శబ్దము ఒకరు వినడానికి ఆ సమయము పడుతుంది. సాధనకు మైకు పెట్టకండి. పక్కవాని వాద్యము నాకు వినబడకపోతే నేను గట్టిగా వాయిస్తున్నానని అర్థము, ఇంతకంటే మంచి సూత్రము మా బృందములో ఎవరికీ తెలియదు. పిల్లనగ్రోవి అయినా సితారా అయినా స్వరము తేటగా పలకకపోతే ఏమి వాయిస్తున్నారో ఎవరికి తెలుస్తుంది అని పౌలు కొరింథీయులను అడిగాడు. భాషల విషయములో అడిగినా, వాద్యకారులకు కూడా అది చక్కగా తగిలే ప్రశ్న. నేర్పు ఉన్నవారు మీలో ఉంటే, దయచేసి నెమ్మదిగా వాయించండి. వెనుకబడినవానిని విసుక్కొని వెళ్లిపోయేవారు ఎక్కువ, ఆగి అతని పక్కన నడిచేవారు తక్కువ.

ఇక మీ ఇంటి సంగతి. అటక మీద గిటారు ఉందా? మీ నాయన హార్మోనియం గుడ్డ కప్పి మంచము కింద ఉందా? గోడకు ఏదైనా వేలాడుతోందా? అది అక్కడికి ఎందుకు వెళ్లిందో మీకే తెలుసు. కొందరిది సోమరితనము, కొందరిది సిగ్గు, కొందరిది ఇంకా ఆరని గాయము. గాయము అయితే తొందర లేదు, ఆ డప్పు నలభై ఏళ్లు గోడ మీద ఉంది. తక్కిన వాటిని దించి దుమ్ము దులపండి. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపట్ల ఉన్నవారైతే మీ దగ్గరి సంఘానికి తీసుకువెళ్లండి, ఏ సంఘమైనా సరే. మా దగ్గరకు వస్తే ఆదివారం మూడు గంటలకు రండి. తీగలు తెగి ఉన్నా ఫరవాలేదు, డ్రైవరన్న మెహదీపట్నం డ్యూటీకి వెళ్లినప్పుడు తెస్తాడు. డప్పు నేర్చుకోవాలనుకునేవారు మాత్రం అరగంట ముందు రండి, తోలు కాచడము అప్పుడే మొదలవుతుంది. ఎండుగడ్డి పెద్దాయనే తెస్తాడు.